పేగులో బ్యాక్టీరియాకి, మన సైన్యానికి గొడవ ఎందుకొస్తుంది?

రోజుకి ఐదారుసార్లు విరేచనాలు, అందులో రక్తం. చాలామంది ఏం చేస్తారు? సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. "వేడి చేసిందిలే, మొలలు అయ్యుంటాయిలే" అని నెలలు గడిపేస్తారు. అందుకే ఈరోజు నేను ఐబీడీ గురించి మాట్లాడదామనుకున్నాను. ఇందులో ముఖ్యంగా రెండు జబ్బులున్నాయి: క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్. ఇవి ఎక్కువగా బయటపడేది 15 నుంచి 35 ఏళ్ల మధ్యలో. అంటే మన వయసులోనే!

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు. దాదాపు అన్నీ పెద్దపేగులోనే. మరి మన రోగనిరోధక కణాలు వాటి మీద ఎందుకు పడవు? ఒకటి, మధ్యలో జిగురు పొర గోడలా అడ్డం ఉంటుంది. రెండు, కొన్ని బ్యాక్టీరియా మనం తిన్న పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. అది పేగు గోడ కణాలకి తిండి. పైగా "ఆగండ్రా, వీళ్లు మనవాళ్లే" అని సర్దిచెప్పే టీ-రెగ్ కణాల్ని పెంచుతుంది.

ఐబీడీలో ఈ రాజీ చెడిపోతుంది. బ్యూటిరేట్ చేసే బ్యాక్టీరియా తగ్గిపోతాయి. బ్యాక్టీరియా గోడ దాకా వచ్చేస్తాయి. కణాలు టీఎన్‌ఎఫ్ అనే అలారం మోగిస్తాయి. వాపు, పుండ్లు. పుండు పడ్డచోట ఇంకొన్ని బ్యాక్టీరియా లోపలికి. ఇక అలారం ఆగదు.

మరి తప్పెవరిది? 1993లో ఐఎల్-10 అనే శాంతపరిచే సంకేతం లేని ఎలుకలకి పేగువాపు రావడం గమనించారు. అలాంటి ఎలుకల్నే అసలు బ్యాక్టీరియా లేకుండా పెంచితే, వాపు రాలేదు! అంటే ఒక చేత్తో చప్పట్లు మోగవు. మనుషుల్లోనూ, బ్యాక్టీరియాని గుర్తుపట్టే నాడ్2 జన్యువులో మార్పులకి, క్రోన్స్‌కి సంబంధం ఉందని 2001లో తేలింది.

అందుకే పెరుగు తింటేనో, ప్రోబయాటిక్ మాత్ర వేసుకుంటేనో ఇది నయమైపోదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకుంటాయి. కానీ మన దేశంలో ఒక చిక్కుంది. పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. పైగా ఈ మందులు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. అందుకే డాక్టర్లు ముందు టీబీ పరీక్షలు చేస్తారు. "ఇన్ని టెస్టులెందుకు?" అని విసుక్కోకండి.

రెండే మాటలు చెప్తాను. విరేచనంలో రక్తం కనిపిస్తే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ని కలవండి. మందులు వాడుతూ బాగుంటే, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి. అలారం తగ్గిందంతే, గొడవ పూర్తిగా తీరిపోలేదు.

ఇంట్లో ఎవరైనా ఇలా సిగ్గుపడి దాచుకుంటుంటే వాళ్లకి ఈ సంగతి చెప్పండి.