పక్షానికొకసారి చూపించే పని
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్లం, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం కాము. మన సంస్థ కంప్యూటర్ శిక్షణ తరగతుల బాధ్యత మా ఉపాధ్యాయ బృందం మీద పడ్డాక, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చిన పిల్లల నోట 'ఎజైల్' అనే మాట పదే పదే వినిపించింది. "జావా వచ్చా అంటే వచ్చన్నాం సార్. ఎజైల్‌లో ఎలా పనిచేస్తారో చెప్పమంటే నోరు మెదపలేకపోయాం" అన్నారు. అదేమిటో తెలుసుకుందామని కూర్చున్నాం. తీరా చూస్తే, ఆ పాఠం పిల్లలకంటే ముందు మనకే అవసరమని తేలింది.

మూడేళ్ల క్రితం ఉపకార వేతనాల దరఖాస్తుల కోసం బయటివారిచేత ఒక ప్రోగ్రామ్ రాయించుకున్న సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కావలసినవన్నీ 14 పేజీల్లో రాసి, సంతకాలు చేసి ఇచ్చాం. ఎనిమిది నెలలకు ప్రోగ్రామ్ వచ్చింది. మొదటిరోజే ఒక తల్లి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి ఆధార్ నంబరు నింపనిదే తెర ముందుకు కదలలేదు. ఆమె భర్త చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. ఎవరి కోసం మీరు డబ్బు ఇచ్చారో వారి ముందే తలుపు మూసినట్టయింది. మార్చమని అడిగితే, ఒప్పందంలో లేదు, అదనంగా ఖర్చవుతుంది అన్నారు. వారినేమీ అనలేం, ఆ 14 పేజీలు రాసింది మనమే. దరఖాస్తులు తీసుకునే ఆపాను రాసేముందు ఒక్క మాట అడగలేదు. చివరికి పాత రిజిస్టరే తెరిచాం.

ఇలా అంతా ముందే రాసుకుని, ఒక దశ పూర్తయ్యాకే తరువాతి దశకు వెళ్లే పద్ధతికి 'వాటర్‌ఫాల్' అని పేరు. జలపాతం అన్నమాట. కిందికి దూకిన నీరు మళ్లీ పైకి రాదు. దీనికి మూలంగా విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన వ్యాసాన్ని చూపిస్తారు. తమాషా ఏమిటంటే, దశల బొమ్మ గీసిన ఆయనే, ఇలా ఒకే వరుసలో చేసి పరీక్షను చివరికి వదిలితే ప్రమాదమని అదే వ్యాసంలో హెచ్చరించారు. చాలామంది బొమ్మ చూసి ఊరుకున్నారు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ఒక ప్రకటన రాశారు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, జెఫ్ సదర్లాండ్ వంటివారు అందులో ఉన్నారు. ఎజైల్ అన్న పేరు అక్కడ స్థిరపడింది. ఒప్పందాలూ ప్రణాళికలూ వద్దని వారు అనలేదు. వాటికంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు, వాడే మనిషితో కలిసి కూర్చోవడానికి, మధ్యలో వచ్చే మార్పును ఒప్పుకోవడానికి ఎక్కువ విలువ ఇవ్వమన్నారు.

ఆచరణలో దీనికి చాలా రూపాలున్నాయి. ఎక్కువగా వినబడేది స్క్రమ్. రగ్బీ ఆటలోని మాట అది. చేయవలసిన పనుల చిట్టాను బ్యాక్‌లాగ్ అంటారు. దానిలో ఏది ముందో చెప్పే బాధ్యత ఒకే మనిషిది. కొన్ని పనులు తీసుకుని, సాధారణంగా రెండు వారాల గడువులో పూర్తిచేస్తారు. ఆ గడువే స్ప్రింట్. రోజూ 15 నిమిషాలు కలుసుకుని ఎక్కడ ఆగిపోయామో చెప్పుకుంటారు. గడువు చివర తయారైన ముక్కను వాడేవారికి చూపిస్తారు. మా పంతుళ్లకు ఇది వెంటనే అర్థమైంది. ఏడాది చివరి పరీక్షలో పిల్లవాడు తప్పాక తెలిసి ఏం లాభం? అందుకే కదా బడిలో మధ్యమధ్య నిర్మాణాత్మక మూల్యాంకనం పెట్టేది!

నిరుడు మన తరగతుల్లో చదివిన నలుగురు పిల్లలతో అదే దరఖాస్తు ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెట్టాం. ఏది ముందో చెప్పే బాధ్యత ఆపాకే అప్పగించాం. మొదటి పక్షంలో తయారైంది ఒక్క తెర: పేరు, తరగతి, ఫోన్ నంబరు, సంరక్షకుల పేరు. తండ్రి అని కాదు, సంరక్షకులు అని. చూసినవారు "ఇంతేనా?" అన్నారు. రెండో పక్షంలో తల్లులను కూర్చోబెట్టి నింపించాం. అప్పుడు బయటపడింది: ఆధార్‌లో షేక్ ముందుంటే బడి టీసీలో వెనక ఉంది, ఒకచోట బేగం ఉంటే ఇంకోచోట లేదు. రెండు పేర్లూ సరిపోలకపోతే ప్రోగ్రామ్ దరఖాస్తును తిప్పికొడుతోంది. రెండు రోజుల్లో సరిచేశారు. ఎనిమిది నెలల తరువాత తెలిసి ఉంటే ఎన్ని దరఖాస్తులు తిరిగిపోయేవో ఊహించండి.

ఎజైల్ అంటే అన్నీ గెలుస్తాయని చెబితే అబద్ధమే. స్నోబర్డ్ సమావేశానికి ముందే, 1996లో కెంట్ బెక్ క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రోగ్రామ్‌ను ఇటువంటి పద్ధతిలోనే నడిపించారు. 1997లో సుమారు 10,000 మందికి దానితో జీతాలు అందాయి. మిగిలిన ఉద్యోగులందరికీ విస్తరించకముందే, 2000లో కంపెనీ దానిని ఆపేసింది. మాకూ దెబ్బ తగిలింది. రంజాన్ నెలలో జకాత్ పనుల ఒత్తిడిలో ఆపా రాలేకపోయారు. పిల్లలు ఊహించుకుని రెండు పక్షాలు పనిచేశారు. ఆమె వచ్చి చూశాక అందులో చాలావరకు తీసేయవలసి వచ్చింది. ఈ పద్ధతికి డబ్బుతోపాటు తెలిసిన మనిషి సమయం కూడా కావాలి. నిజానికి రెండోదే కష్టంగా దొరుకుతోంది.

అందుకే దాతలను ఒకటి అడుగుతున్నాం. ఏడాదికొకసారి ఈ వేదిక మీద లెక్కలు వింటున్నారు, సంతోషం. ఇకపై పక్షానికొక శనివారం, జుహర్ నమాజు తరువాత పిల్లలు తమ పనిని శిక్షణ గదిలో చూపిస్తారు. వచ్చేసారి చూపించేది పుస్తకాల పంపిణీ తెర. ఇద్దరు ముగ్గురు వచ్చి గంటసేపు కూర్చుని, ఏది బాగాలేదో మొహమాటం లేకుండా వాళ్లకు చెప్పండి. కుర్చీలు వేసి ఉంచుతాం.