కన్నీరు తగ్గిన కళ్ళు

(ఆసుపత్రి ఆవరణలో జరిగిన ఆరోగ్య అవగాహన కూటములో ఇచ్చిన ప్రసంగ పాఠము)

అమ్మలారా, అయ్యలారా, ఈ రోజు మనం కన్నీటి గురించి మాట్లాడుకుందాం. కన్నీరు అనగానే మనకు దుఃఖమే గుర్తుకు వస్తుంది. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కూడా కన్నీరు కార్చిన సంగతి మీకు తెలుసు. కాని దేవుడు మనకు కన్నీటిని ఏడవడానికి మాత్రమే ఇవ్వలేదు. మనం నవ్వుతున్నా, పని చేసుకుంటున్నా, ఒక పలుచని కన్నీటి పొర మన కంటిని ఎప్పుడూ కప్పి కాపాడుతూ ఉంటుంది. ఆ పొర చాలకపోయినా, దాని నాణ్యత దెబ్బతిన్నా వచ్చే జబ్బునే కళ్ళు పొడిబారడం, లేక డ్రై ఐ అంటారు.

మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒక పెద్దమ్మ మా ఓ.పి.కి వచ్చింది. "సిస్టరమ్మా, రెండేళ్ళుగా కళ్ళలో ఇసుక పోసినట్టుగా ఉంది. మందుల షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటే రెండు రోజులు చల్లగా ఉంటుంది, మళ్ళీ మామూలే" అంది. కొంగు ముడి విప్పి ఆ సీసా నా చేతిలో పెట్టింది. అది స్టెరాయిడ్ చుక్కల మందు. డాక్టరుగారు కంటి ప్రెషరు చూస్తే చాలా ఎక్కువగా ఉంది. నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా, అప్పటికే వచ్చేసింది. ఎడమ కంటి పక్కచూపు చాలా వరకు పోయింది. అలా పోయిన చూపు తిరిగి రాదు.

ఆమె అసలు జబ్బు కళ్ళు పొడిబారడం. దానికి తగిన మందు వాడి ఉంటే చూపు నిలిచేది. అసలు జబ్బు కంటే తెలియక వేసుకున్న చుక్కలే ఆమెకు ఎక్కువ నష్టం చేశాయి. మీలో ఎవరికీ అలా జరగకూడదని ఈ మాటలు చెబుతున్నాను.

కళ్ళు నీరు కారుతుంటే పొడిబారడం ఏమిటి?

నర్సుగా పనిలో చేరిన కొత్తలో నేనూ కంటి డాక్టరుగారిని ఇదే అడిగాను. ఆయన చెప్పింది మీకూ చెబుతాను. కన్నీటి పొరలో మూడు భాగాలు ఉంటాయి. కంటికి అంటుకుని జిగురు ఉంటుంది. దాని మీద నీరు ఉంటుంది. అన్నిటికంటే పైన, పులుసు మీద తేలే నూనెలాగా, పలుచని నూనె ఉంటుంది. ఈ నూనె కనురెప్పల అంచున ఉన్న చిన్న చిన్న గ్రంథుల నుండి వస్తుంది. నీరు త్వరగా ఆవిరైపోకుండా కాపాడేది ఈ నూనే.

నూనె తగ్గితే నీరు ఆరిపోయి కన్ను మండుతుంది. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీటిని వదులుతుంది. ఎండి బీటలు వారిన చేను మీద కుండపోత వాన పడితే ఏమవుతుంది? నీళ్ళు పైపైన పోతాయి గాని నేల తడవదు. ఇదీ అంతే. అందుకే "నా కళ్ళు నీరు కారుతున్నాయి గదా, పొడి ఎక్కడిది?" అనుకోకండి.

లక్షణాలు

మంట, దురద, ఇసుక పడినట్టు గరగర, ఎరుపు, సాయంత్రానికి కళ్ళు బరువెక్కడం, వెలుతురు చూడలేకపోవడం, దారంలాంటి పుసి, చదువుతుంటే చూపు మసకబారి రెప్ప కొట్టగానే తేటపడడం. ఇవన్నీ ఒకరికే ఉండాలని లేదు.

ఎందుకు వస్తుంది?

వయస్సు పెరిగే కొద్దీ కన్నీరు తగ్గుతుంది. ముట్లు ఆగిన తరువాత స్త్రీలలో ఈ బాధ ఎక్కువ. షుగరు, థైరాయిడ్, కీళ్ళవాతం ఉన్నవారిలో కూడా కనిపిస్తుంది. జలుబుకు, అలర్జీకి వాడే మాత్రలు, మనోవ్యాధికి వాడే కొన్ని మాత్రలు, బి.పి.కి వాడే కొన్ని మందులు కన్నీటిని తగ్గిస్తాయి. ఈ మాట విని మీ అంతట మీరు బి.పి. మాత్రలు మానకండి. మీరు వాడే మందులన్నీ తెచ్చి డాక్టరుగారికి చూపించండి, అవసరమైతే ఆయనే మారుస్తారు.

కట్టెల పొయ్యి పొగ, మిరపఘాటు, రైసుమిల్లు దుమ్ము, ముఖం మీదకు పెట్టుకున్న ఫ్యాను గాలి, ఏ.సి. గది, ఇవన్నీ బాధను పెంచుతాయి. మనం మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప కొడతాం. ఫోను, కంప్యూటరు చూస్తూ ఉంటే అది సగానికి కూడా తగ్గిపోతుంది. రెప్ప పడకపోతే కన్నీరు కంటి అంతటా పరుచుకోదు.

మూడు సంగతులు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. మొదటిది, కళ్ళతో పాటు నోరు కూడా ఎండిపోయి, నీళ్ళు తాగనిదే అన్నం ముద్ద దిగకపోతే, కీళ్ళ నొప్పులు కూడా ఉంటే, అది షోగ్రెన్ జబ్బు కావచ్చు. స్వీడన్ దేశపు కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీనిని వివరించాడు. ఇది ఎక్కువగా స్త్రీలకే వస్తుంది. దీనికి రక్త పరీక్షలు చేయాలి.

రెండవది, పక్షవాతం వల్ల ముఖం వంకరపోయిన వారికి, కుష్ఠు వల్ల రెప్పలు బలహీనపడిన వారికి నిద్రలో కన్ను మూసుకోదు. ఆ కన్ను ఎండి పుండు పడుతుంది. ఇంట్లో అలాంటి వారుంటే రాత్రి టార్చి వేసి చూడండి.

మూడవది, చిన్నపిల్లలు చీకటి పడగానే తడుముకుంటూ నడిస్తే, తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ కనబడితే, అది ఎ విటమిన్ లోపం. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి, నల్లగుడ్డు కరిగి చూపు పోవచ్చు. 9 నెలల నుండి 5 సంవత్సరాల వరకు ప్రభుత్వం ఇచ్చే ఎ విటమిన్ ద్రావణం మానకుండా వేయించండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పెట్టండి.

పరీక్షలు

భయపడవలసిన పని లేదు, సూది ఉండదు. కింది రెప్పలో చిన్న కాగితపు పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మిల్లీమీటర్ల కంటే తక్కువ తడిస్తే కన్నీరు తగ్గినట్టు అనుమానిస్తారు, 5 కంటే తక్కువైతే బాగా తగ్గినట్టు. ఇంకొక పరీక్షలో పసుపు రంగు మందు వేసి, రెప్ప కొట్టకుండా ఉంచి కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. 10 సెకన్ల లోపే చెదిరిపోతే అది సరిగా లేదన్నమాట.

చికిత్స

ఇది షుగరు, బి.పి. లాంటిది. చాలామందికి పూర్తిగా పోదు, కాని అదుపులో ఉంటుంది. బాధ తగ్గగానే మందు మానేయడమే మనం చేసే పొరపాటు.

కృత్రిమ కన్నీటి చుక్కలు మొదటి మందు. రోజుకు 4 సార్లు కంటే ఎక్కువ వేయవలసి వస్తే, మందు చెడిపోకుండా కలిపే రసాయనం లేని చుక్కలు మంచివి, ఆ రసాయనమే కంటిని రేపుతుంది. రాత్రికి ఆయింట్‌మెంటు ఇస్తారు. ఖర్చు భారమైతే తక్కువ ధర మందు రాయమని అడగడానికి సిగ్గుపడకండి.

చుక్కలు వేసుకునే ముందు చేతులు కడుక్కోండి. కింది రెప్పను లాగి ఒక్క చుక్క వేయండి. సీసా మూతి కంటికి తగలనీయకండి. ఒక నిమిషం కళ్ళు మూసుకోండి. రెండు రకాల మందులుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగండి. ఒకరి సీసా ఇంకొకరు వాడవద్దు. మూత తీసిన సీసాను మామూలుగా నెల దాటి వాడకూడదు.

నూనె గ్రంథులు మూసుకుపోయిన వారికి కాపడం మంచి వైద్యం, ఖర్చు లేనిది. శుభ్రమైన నూలుగుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, ముందు ముంజేతి మీద వేడి చూసుకుని, మూసిన రెప్పల మీద 5 నుండి 10 నిమిషాలు ఉంచండి. చల్లారితే మళ్ళీ ముంచండి. తరువాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరండి. ఉదయం, సాయంత్రం చేయండి.

వీటితో తగ్గకపోతే డాక్టరుగారు సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తారు. మొదట మండుతుంది, గుణం కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "పని చేయలేదు" అని మధ్యలో ఆపకండి. కన్నీరు ముక్కులోకి పోయే సన్నని రంధ్రాన్ని చిన్న బిరడాతో మూసే పద్ధతి కూడా ఉంది. మరీ తీవ్రమైన వారికి రోగి సొంత రక్తం నుండి తీసిన సీరంతో చుక్కలు, ప్రత్యేకమైన పెద్ద లెన్సులు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల దొరుకుతాయి.

చేప నూనె మాత్రలు కొనాలా అని కొందరు అడుగుతారు. 2018లో అమెరికాలో ప్రకటించిన పెద్ద పరిశోధనలో వాటికీ ఆలివ్ నూనె మాత్రలకూ తేడా కనబడలేదు. చేపలు కూర వండుకుని తినండి, కుటుంబమంతటికీ మంచిది.

ఇవి చేయకండి

కంట్లో తల్లిపాలు, ఆముదం, తేనె, ఆకు పసరు వేయకండి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గాని, వాటి రసం కంట్లో పిండకండి. కళ్ళు నలపకండి. పొరుగువారికి రాసిన చీటీతో మందు కొనకండి. డాక్టరు రాయని చుక్కలు వేసుకోకండి, ఎరుపు వెంటనే పోయిందంటే జబ్బు నయమైనట్టు కాదు.

నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడినా, పుసి ఎక్కువగా కారినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఆ పెద్దమ్మ ఇప్పటికీ మూడు నెలలకొకసారి ప్రెషరు చూపించుకోవడానికి వస్తుంది. మిగిలిన చూపు నిలిచింది. పనికి వెళ్ళేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. ఒకసారి తనతో పని చేసే ఇద్దరు ఆడవాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది. "వీళ్ళూ ఆ చుక్కలే వేసుకుంటున్నారు సిస్టరమ్మా, చూడండి" అంది. సమయానికి వచ్చారు గనుక వారిద్దరి చూపు దక్కింది.

ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ గూట్లో, మీ సంచిలో ఉన్న కంటి మందు సీసాలు తీసి చూడండి. ఎవరు రాశారో, ఎప్పుడు మూత తీశారో తెలియని సీసా ఉంటే మాకు తెచ్చి చూపించండి. మేము కోప్పడము. దేవుడిచ్చిన చూపును ఆయన మహిమ కొరకు కాపాడుకుందాం. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.