ఉన్నత శిఖరములపై ఊపిరి
(పాఠశాల విజ్ఞాన సంఘమున చేసిన ఉపన్యాసము)



1875వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఫ్రాన్సు దేశమున 'జెనిత్' అను బెలూనులో మువ్వురు శాస్త్రాభిమానులు ఆకాశమున కెగిరిరి. సుమారు రెండు గంటలలో 8,000 మీటర్లు దాటిరి. బెలూను నేలకు దిగునప్పటికి క్రోచె-స్పినెల్లి, సివెల్ అను నిరువురు విగతజీవులై యుండిరి. తిసాందియే ఒక్కడే బ్రతికెను. ప్రాణవాయువు, అనగా ఆమ్లజని, నింపిన సంచులు వారి చెంతనే యుండెను; చేయి చాచి గొట్టము నందుకొను శక్తి మాత్రము లేకపోయెను. బాధ యేమియు తెలియలేదనియు, పైగా లోలోపల ఒక ఆనందము కలిగెననియు తిసాందియే పిమ్మట వ్రాసెను. నాకు మిక్కిలి భయము గొలుపునది ఆ ఆనందమే.

1978 మే 8న మెస్నర్, హేబలర్ అను నిరువురు ఆమ్లజని సిలిండర్లు లేకయే ఎవరెస్టు శిఖరమును కాలినడకన ఎక్కి దిగివచ్చిరి. దాని యెత్తు 8,849 మీటర్లు. శ్రమించి నడచినవారు బ్రతుకుటయు, బుట్టలో కూర్చున్నవారు మరణించుటయు వింతగా లేదా?

కొండపై గాలిలో ఆమ్లజని పాలు తగ్గునని కొందఱు తలంతురు. అది పొరపాటు. అచ్చటను నూటికి ఇంచుమించు 21 పాళ్లే. తగ్గునది వాయుపీడనము. ఎవరెస్టుపై అది సముద్రతీరమున నున్నదానిలో మూడవవంతు మాత్రమే.

శరీరము దీనిని చూచుచు ఊరకుండదు. మెడలోని పెద్ద రక్తనాళముల చెంత నున్న మిక్కిలి చిన్న అవయవములు ఆమ్లజని లోపమును వెంటనే పసిగట్టి శ్వాసను వేగిరపఱచును. అట్లు వేగముగా ఊపిరి విడుచుటచే బొగ్గుపులుసు వాయువు అధికముగా వెడలిపోయి, రక్తమున క్షారగుణము హెచ్చును. అది మరల శ్వాసకు కళ్లెము వేయును. ఈ చిక్కును విప్పునవి మూత్రపిండములు. అవి క్షారమును మూత్రముతో బయటికి పంపును; కాని అందుకు దినములు పట్టును. ఆ మూత్రపిండములే ఎరిత్రోపోయిటిన్ అను రసమును హెచ్చుగా స్రవించి, ఎముకల మూలుగలో ఎఱ్ఱకణములు విస్తారముగా పుట్టునట్లు చేయును. దానికి వారములే పట్టును. మెస్నర్ బృందమునకు ఆ వారములు దొరికెను. జెనిత్‌లోని వారికి దొరకలేదు.

మీలో కొందఱు ముందుముందు లేహ్ నగరమునకు విమానమున పోవచ్చును. అది 3,500 మీటర్ల యెత్తున నున్నది. దిగిన పిమ్మట రెండు దినములు విశ్రమింపుడు. ఆపైకి పోవలసినచో, రాత్రి పరుండు తావు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదు. కసరత్తు చేసిన దేహమని నమ్మి తొందరపడకుడు. కండబలము ఇచ్చట రక్ష కాదు. తలనొప్పి, వాంతి కలిగినచో పైకి పోరాదు. నడక తూలినను, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను, తెల్లవాఱువఱకు ఆగక వెంటనే క్రిందికి దిగవలెను.