మన ఇళ్ళలోని గ్రామఫోను రికార్డులు – వాటి రక్షణ
(నార్త్ యార్క్‌లో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం మీద, సంగీతం మీద ఇంతమంది విద్వాంసులు మాట్లాడిన తరువాత, అటకల మీద దుమ్ము పట్టిన పాత రికార్డుల గురించి చెప్పడానికి మాకు అవకాశమిచ్చిన కార్యవర్గానికి కృతజ్ఞులము. మేము సంగీతజ్ఞులం కాము. పాత గ్రామఫోను రికార్డులను శుభ్రం చేసి, వాటిలోని పాటను కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరిచే పనిని సెలవు రోజులలో చేసుకుంటున్న కొద్దిమందిమి. ఆ పనిలో తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచుతాము.

గ్రామఫోను రికార్డుకూ ఈ దేశానికీ చాలా దగ్గర సంబంధం ఉన్నది. బల్లపరుపు పళ్ళెం మీద శబ్దాన్ని గీసే పద్ధతిని కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్, అమెరికాలో కోర్టు చిక్కులు వచ్చి పడగా, మాంట్రియల్ చేరి 1900 ప్రాంతంలో అక్కడ రికార్డుల తయారీ సాగించాడు. ఆయన స్థాపించిన వ్యాపారానికే చెందిన లండను శాఖ 1902లో కలకత్తాకు మనుషులను పంపి గౌహర్ జాన్ పాటను రికార్డు చేయించింది. మన తాతలు 'కుక్కబొమ్మ కంపెనీ' అని పిలుచుకున్న హెచ్.ఎం.వి. ఆ వంశంలోనిదే. అదే కుక్క బొమ్మ మాంట్రియల్ పళ్ళేల మీదా ఉండేది.

1967లో కెనడా ప్రభుత్వం పాయింట్ల పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా ఇక్కడికి రావడం పెరిగింది. వచ్చిన వారి పెట్టెల్లో ఆవకాయ జాడీ పక్కన, చీరల మడతల మధ్య, జాగ్రత్తగా చుట్టిన రికార్డులు ఉండేవి. 1974లో కన్నుమూసిన ఘంటసాల గారి భగవద్గీత, 1980లో దేశమంతా మోగిన శంకరాభరణం పాటలు, నాలుగేసి సినిమా పాటలున్న ఏడంగుళాల ఈపీలు, సంభాషణల ఎల్పీలు – ఇవీ ఆనాటి మన ఆస్తులు. మంచు కురిసే ఆదివారాలు ఆ పాటలతోనే గడిచేవి.

అదే ఇంట్లో, కింది గదిలో, మరొక పెట్టె తయారయింది. ఆ పెట్టె పిల్లలది. యంగ్ వీధిలోని శామ్ ద రికార్డ్ మాన్ దుకాణానికి సబ్‌వేలో వెళ్ళి, దాచుకున్న డబ్బుతో వాళ్ళు కొనుక్కున్న రికార్డులవి. టొరంటో వారే అయిన మార్తా అండ్ ద మఫిన్స్ 1980లో పాడిన 'ఎకో బీచ్', మాంట్రియల్ వారైన మెన్ వితౌట్ హ్యాట్స్ 'సేఫ్టీ డాన్స్', ఇంగ్లండు నుంచి 1983లో వచ్చిన న్యూ ఆర్డర్ వారి 'బ్లూ మండే'. న్యూ వేవ్ అని, డాన్స్ సింగిల్ అని వాటికి పేర్లు. పన్నెండంగుళాల పళ్ళెం మీద ఒక్కొక్క వైపు ఒక్కటే పాట! తల్లిదండ్రులకు అది దుబారాగా తోచేది. కాని దానికి కారణమున్నది. పాట ఒక్కటే అయితే గాడిని వెడల్పుగా, లోతుగా చెక్కవచ్చు. నిమిషానికి 45 చుట్లు తిప్పితే ముల్లు కింద గాడి వేగంగా సాగుతుంది. అందువల్ల డోలు దెబ్బ, బేసు నాదం ఎల్పీలో కన్న బలంగా, స్పష్టంగా వస్తాయి. నాట్యశాలల కోసం చేసిన ఏర్పాటు అది.

ఈ రెండు పెట్టెలలో ఏది మన వారసత్వం అని మమ్మల్ని అడిగినవారున్నారు. "తెలుగు పాటలు దాచండి, సంతోషం. ఆ డాన్సు రికార్డుల మీద కష్టపడటమెందుకు?" అన్నారు పెద్దలు కొందరు. వారిపై గౌరవంతోనే మా సమాధానం చెబుతాము. పదహారేళ్ళ తెలుగు పిల్ల పగలు బడిలో ఒక భాష, సాయంత్రం ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ, రాత్రి తన గదిలో తలుపు వేసుకుని విన్న పాట కూడా ఈ నేలమీది మన కథలో భాగమే. అది పారేస్తే ఆ తరం బాల్యం పారేసినట్టే. పైగా ఆ గాలి మన పాటకూ సోకింది. చక్రవర్తి గారి సంగీతంతో 1985లో వచ్చిన 'దొంగ', 1987లో వచ్చిన 'పసివాడి ప్రాణం' చిత్రాలలో చిరంజీవి గారి నృత్యాలు చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక దృష్టాంతం. రూపా బిస్వాస్ అనే బెంగాలీ గాయని కెనడాలోని కాల్గరీ నగరంలో ఆశిష్ ఖాన్ సరోద్‌తో కలిసి పాడిన 'డిస్కో జాజ్' అనే ఎల్పీ 1982లో వచ్చింది. ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు. దశాబ్దాల తరువాత లోకం ఆ పాటలను వెతికి వెతికి విన్నది. 2019లో చికాగో సంస్థ ఒకటి దాన్ని మళ్ళీ అచ్చు వేసింది. చరణ్‌జిత్ సింగ్ 1982లోనే బొంబాయిలో పది రాగాలను డ్రమ్ మెషీనుతో, సింథసైజరుతో వాయించిన రికార్డుకూ 2010లో ఇలాగే పునర్జన్మ కలిగింది. ఎవరో ఒకరు తమ ఇంట్లో ఆ పళ్ళేన్ని పారేయకుండా ఉంచారు కనుకనే కదా!

ఇక పని విషయానికి వద్దాము. మొదట రికార్డు ఏ జాతిదో తెలుసుకోవాలి. 78 చుట్ల పాత రికార్డు లక్కతో చేసినది, కింద పడితే పగులుతుంది. ఎల్పీలు, ఈపీలు, పన్నెండంగుళాల సింగిల్సు వినైలు అనే ప్లాస్టిక్కుతో చేసినవి. లక్క రికార్డుకు ఆల్కహాలు తగిలించకూడదు, పైపొర కరిగిపోతుంది. వినైలును శుద్ధి చేసిన నీటిలో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బునీరు కలిపి, మెత్తని కుంచెతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, మంచి నీటితో కడిగి ఆరబెట్టాలి. మధ్యనున్న కాగితం లేబులు తడవకూడదు. కుళాయి నీరు పనికిరాదు, అది ఆరిన తరువాత మిగిలే సున్నం గాడిలోనే కూర్చుంటుంది.

ముల్లు కూడా దేనికది వేరు. వినైలు గాడికి అంగుళంలో వెయ్యోవంతు, అంతకన్న సన్నని మొన చాలు. 78 రికార్డుకు దానికి మూడింతల లావు ముల్లు కావాలి. అరిగిన ముల్లు పెడితే పాట వినిపించదు సరికదా, ఉన్న గాడి కూడా చెడుతుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న ప్లేయరు ఉన్నవారికి ఒక హెచ్చరిక. అక్కడి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ఇక్కడిది 60. కరెంటు ఆవృత్తిని బట్టి తిరిగే మోటారు ఇక్కడ అయిదోవంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. 33 చుట్ల రికార్డు 40 చుట్లు తిరిగి, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా లేచిపోతుంది. ఘంటసాల గారి గంభీర స్వరం చిన్నపిల్లవాడి గొంతవుతుంది! వోల్టేజి మార్చే పెట్టె పెట్టినంత మాత్రాన ఇది సర్దుకోదు. ఇదే తేడా మనకు ఒక మేలూ చేస్తుంది. కంప్యూటరులోకి ఎక్కించిన పాటలో గుయ్‌మనే రొద వినిపిస్తే, అది 60 ఆవృత్తులదైతే మన ఇంటి తీగలదనీ, 50 అయితే మద్రాసు స్టూడియోలోనే పడి ఉంటుందనీ చాలావరకు ఊహించవచ్చు. మొదటిదాన్ని తీగలు సరిచేసి పోగొట్టాలి. రెండవది ఆ పాటతో పుట్టినది.

రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దాన్ని తిరగవేసే చిన్న యంత్రం, ఫోనో ప్రీయాంప్లిఫయరు అంటారు, మధ్యలో ఉండాలి. 1950ల మధ్య నుంచి ఈ లెక్క దాదాపు అందరికీ ఒకటే. అంతకు ముందు కంపెనీకొక తీరు. ఈ యంత్రం లేకుండా నేరుగా కలిపితే పాట రేకుల డబ్బాలో వాయించినట్టుంటుంది.

కంప్యూటరులో భద్రపరిచేటప్పుడు సెకనుకు 96 వేల నమూనాలు, ఒక్కొక్కటి 24 బిట్లు చొప్పున, కుదించని వేవ్ ఫైలుగా ఉంచండి. నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు పడుతుంది. నేటి డిస్కులకు అది భారం కాదు. ఎంపీ3 కారులో వినడానికి మంచిదే, దాచడానికి కాదు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాము: మొదట ఎక్కించిన ఫైలును ఎన్నడూ ముట్టుకోకండి. శుభ్రం చేయదలచుకుంటే మరొక ప్రతి తీసుకుని దాని మీద చేయండి. మూడు చోట్ల మూడు ప్రతులుంచి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంట్లో ఉంచండి.

శుభ్రం చేయడంలోనే అసలు విచక్షణ కావాలి. చిటపటలు తీసే ప్రోగ్రాములు ఇప్పుడు చాలా ఉన్నాయి. కాని అవి యంత్రాలు. మృదంగం మీద పడిన చాపు దెబ్బ, న్యూ వేవ్ పాటలో డ్రమ్ మెషీను చప్పట్లు – రెండూ వాటికి గీతల్లాగే కనిపిస్తాయి, కత్తిరించేస్తాయి. బుస శబ్దం మరీ తీసేస్తే గాయకుని 'స'కారం, తంబుర జీర కూడా దానితో వెళ్ళిపోతాయి. అందుచేత యంత్రం పక్కన ఆ పాట తెలిసిన మనిషి కూర్చోవాలి. తెలుగు పాటకు అమ్మమ్మో తాతయ్యో. డాన్సు పాటకు, ఈనాడు తల నెరిసిన ఆనాటి పదహారేళ్ళ అమ్మాయి. "ఇక్కడ గజ్జె చప్పుడుండాలి, ఏదీ?" అని ఆమె గాని, వారు గాని అడగగలరు. యంత్రం అడగలేదు.

తొందర పడవలసినదీ ఇక్కడే. వినైలు పళ్ళెం నీడపట్టున, పుస్తకాల్లా నిలువుగా పెడితే ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది. బేస్‌మెంటు చెమ్మకు అట్ట బూజు పట్టినా పాట మిగలవచ్చు. కాని ఆ పాట ఎవరు తెచ్చారో, ఏ పెళ్ళిరోజున కొన్నారో, అట్ట మీద ఆ దస్తూరి ఎవరిదో చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. పెద్ద ఇల్లు అమ్మి చిన్న కాండోలోకి మారే వారంలో ఈ పెట్టెలు రోడ్డు పక్కకు చేరుతున్నాయి. కనుక పాటతో పాటు అట్టను రెండువైపులా, లేబులును, లోపలి అంచున గీకిన అంకెలను ఫోటో తీయండి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, వారు చెప్పిన మాటలను వారి గొంతుతోనే రికార్డు చేయండి. ఆ పది నిమిషాలు పాట కన్న విలువైనవి కావచ్చు.

ఇలా చేసుకున్న ప్రతి మీ ఇంటి వినికిడి కోసం. పాటకు హక్కుదారులు ఉంటారు. కెనడాలో 2015లో ముద్రిత శబ్దాల హక్కు కాలాన్ని 70 ఏళ్ళకు పెంచారు. ఇండియాలో అది 60 ఏళ్ళు. నలుగురికీ పంచిపెట్టే ముందు ఆ సంగతి విచారించుకోవడం మర్యాద.

1998 జనవరి 1న నార్త్ యార్క్ నగరం టొరంటోలో కలిసిపోయింది. అయినా మనమింకా "నార్త్ యార్క్‌లో ఉంటున్నాం" అంటూనే ఉన్నాము. శామ్ దుకాణం 2007లో మూతపడింది. దాని గుండ్రటి దీపాల బోర్డును మాత్రం ఊరివారు పట్టుబట్టి మళ్ళీ వెలిగించారు. పట్టించుకునేవారుంటే పేర్లూ పాటలూ నిలుస్తాయి.

ఈ వారాంతంలో మీ అటక మీది పెట్టె ఒక్కటి దించండి. రెండు తరాలవారూ కలిసి దించండి.