ప్రశ్నాధికారము – ప్రజాధనము
(గండికోటయందు జరిగిన వార్షిక మహాసభలో గావించిన ఉపన్యాసము)



కులసంఘ వార్షికసభలలో విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు ప్రసంగించుట వాడుక. అవి యన్నియు ముఖ్యములే. అయినను నేడు నేను శాసనసభయందు ప్రతినిధులు ప్రభుత్వమును ప్రశ్నించు పద్ధతినిగూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ఇది ఏ రాజకీయపక్షమునకును సంబంధించిన ప్రసంగము కాదు. మనము చెల్లించు పన్నులకు లెక్క యడుగు మార్గమును గూర్చిన ప్రసంగము మాత్రమే.

ఈ స్థలమే నాకీ విషయమును స్ఫురింపజేసినది. ఈ కోటలో మసీదు ప్రక్కన పెద్ద ధాన్యాగార మొకటి కలదు. నిన్న సాయంకాలము మీలో పలువురు దానిని చూచియుందురు. ప్రజలు పండించిన ధాన్యము అందు చేరెడిది. ఎంత వచ్చినది, ఎంత పోయినది యను లెక్క పాలకులకు తెలియును గాని, పండించిన రైతునకు దానిని అడుగు హక్కు నాటి రాజ్యపద్ధతిలో లేదు. నేడు మన ధాన్యాగారము ప్రభుత్వ ఖజానా. దాని తాళపుచెవి మంత్రులయొద్ద నున్నను, లెక్క యడుగు హక్కు మాత్రము మనము పంపిన ప్రతినిధి చేతిలో నున్నది. ఆ హక్కు ఎట్లు వచ్చినదో, దానిని మన మెట్లు పాడుచేసికొనుచున్నామో యించుక విచారింతము.

అడుగువాడు లేనప్పుడు ప్రజాధన మెట్లు వ్యయమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. కర్నూలు-కడప కాలువ చరిత్రయే చాలును. సర్ ఆర్థర్ కాటను గారి ప్రేరణపై 1858లో మద్రాసు ఇరిగేషను కంపెనీ యేర్పడినది. కంపెనీవారు పెట్టు పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వమువారు హామీ యిచ్చిరి. కాలువకు లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు వడ్డీ ముట్టవలసినదే. ఆ లోటు పూరించునది ప్రజల పన్ను. సుంకేసులవద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి కాలువ త్రవ్విరి. వ్యయము అంచనాను మించినది. నల్లరేగడి భూములలో మెట్టపైరులకు అలవాటుపడిన రైతులు నీటికై త్వరపడలేదు. రాబడి చాలకపోయెను. కడకు 1882లో ప్రభుత్వమువారే ఆ కాలువను కొనవలసివచ్చినది. కాలువ మంచిదే. నేటికిని కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో వేలకొలది కుటుంబముల నది పోషించుచున్నది. కాని ఆ హామీ యేల నిచ్చితిరి, అంచనా యేల తప్పినది యని అడుగుటకు మన ప్రాంతమువా డొక్కడైనను నాటి సభలో లేడు. ఉన్నను అడుగు హక్కు లేదు. ఏలయన 1861 నాటి చట్టము ప్రకారము మద్రాసు శాసనాలోచన సభ చట్టములను చర్చించుటకే గాని, పరిపాలనమును ప్రశ్నించుటకు కాదు.

1892 చట్టముతో ప్రశ్న లడుగుటకును, ఆదాయవ్యయ పట్టికపై మాటలాడుటకును అనుమతి లభించినది. కాని వచ్చిన ప్రత్యుత్తరముపై మారుప్రశ్న వేయుటకు వీలులేదు. మారుప్రశ్న లేని ప్రశ్న పిడి లేని కొడవలివంటిది. 1909 చట్టముతో మొదటి ప్రశ్న నడిగిన సభ్యునికి అనుబంధప్రశ్న వేయు హక్కు వచ్చినది. 1919 చట్టము ననుసరించి 1921లో ప్రారంభమైన మద్రాసు శాసనమండలిలో కొన్ని శాఖల పద్దులపై ఓటు చేయు హక్కును వచ్చినది. అయినను భూమిశిస్తు, పోలీసు మొదలగు శాఖలు గవర్నరు గారి క్రిందనే యుండెను. 1937లో రాష్ట్ర స్వపరిపాలనము వచ్చినపిమ్మటనే మంత్రులందరును సభకు బాధ్యులైరి. చూడుడు! ఒక చిన్న ప్రశ్న వేయు హక్కు సంపూర్ణ మగుటకు ముప్పాతిక శతాబ్దము పట్టినది. మనకది పుట్టుకతో లభించినందున దాని వెల మనకు తెలియకున్నది.

మన సీమకు దత్తమండలమను పేరు పోయి రాయలసీమ యను పేరు నిలిచినది 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభయందే. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ గృహమున కుదిరిన యొడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలముల విషయమున మన జిల్లాలకు మొదటి హక్కు ఉండవలెనని పెద్దలు వ్రాసికొనిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, కర్నూలు రాజధాని కాగా, శాసనసభ మన ముంగిటనే సమావేశమైనది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారంతటివారి మంత్రివర్గమే అవిశ్వాసతీర్మానముపై ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. సభకు ఎంతటి శక్తి కలదో నాడు కర్నూలు పురవీథులలోని సామాన్యుడు సయితము కన్నులార చూచెను. 1956లో సభ హైదరాబాదునకు పోయినది. 2017 నుండి వెలగపూడిలో జరుగుచున్నది. సభ దూరమైనకొలది మనకు దానిపై శ్రద్ధయు తగ్గినదేమో యని నా సంశయము.

ఇక నేటి పద్ధతిని చెప్పెదను. సభ కూడిన దినమున మొదట ప్రశ్నోత్తరముల సమయము. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రిగారు నోటితో ప్రత్యుత్తర మీయవలెను, దానిపై అనుబంధప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతమూలకమైన ప్రత్యుత్తరము మాత్రమే వచ్చును. అత్యవసర విషయమునకు స్వల్పవ్యవధి ప్రశ్న కలదు. ప్రశ్న ఒక్క విషయమునకే పరిమితమై యుండవలెను. వాదము, నింద, ఎత్తిపొడుపు ఉండరాదు. మంత్రిగారి అభిప్రాయము నడుగరాదు, జరిగిన దానినే యడుగవలెను.

వ్యయము సంగతి వేరు. వార్షిక ఆదాయవ్యయ పట్టిక సభముందు ఉంచబడును. ఒక్కొక్క శాఖకు కావలసిన ధనమునకై మంత్రిగారు పద్దును కోరుదురు. అప్పుడు ఆ పద్దునుండి నూరు రూపాయలు తగ్గింపవలెనని సభ్యుడు కోత తీర్మానము పెట్టవచ్చును. నూరు రూపాయలు తగ్గించుట దాని యుద్దేశము కాదు. మా యూరి ఆసుపత్రిలో మందు లేదు, మా చెరువు తూము పని కాలేదు అని ఆ సందున చెప్పుకొనుట దాని ప్రయోజనము. ధనము వ్యయమైన పిమ్మట కంట్రోలరు అండ్ ఆడిటరు జనరలు వారి నివేదిక గవర్నరు గారికి చేరి, సభయెదుట ఉంచబడును. దానిని ప్రజాపద్దుల సంఘమువారు పరిశీలింతురు. ముందు అడుగుట, నడుమ అడుగుట, పిదప అడుగుట యని మూడు ద్వారములు రాజ్యాంగము మన కిచ్చినది.

ఇక ప్రత్యుత్తరములను చదువుటయు ఒక విద్య. "అవునండి", "లేదండి" యనునవి స్పష్టములు. "ప్రశ్న ఉదయించదు" అనగా మొదటి భాగమునకు లేదని చెప్పితిమి కావున తక్కినది అనవసరమని భావము. మొదటి భాగమును తప్పుగా వ్రాసినచో ప్రశ్న యంతయు అక్కడనే కూలును. "విషయము పరిశీలనలో నున్నది" అనగా ఎవరి బల్లపై, ఎన్నినాళ్లుగా నున్నదని మరల నడుగవలెను.

నాకు తెలిసిన యొక యూరి సంగతి చెప్పెదను. ఆ యూరికి వాగు దాటి పోవు రోడ్డు మంజూరైనది. పని వాగు ఒడ్డున ఆగిపోయినది. ఎన్నియో ఏండ్ల క్రిందట ఒక ప్రతినిధి దానినిగూర్చి అడుగగా, రోడ్డు పూర్తియైనదని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ మాట తప్పని యూరిలో పసిబిడ్డకును తెలియును. కాని అది ప్రతినిధికి తెలియదు. ఎవ్వరును ఆయనకు వ్రాయలేదు. అనుబంధప్రశ్న లేకయే ఆనాటి ప్రశ్న ముగిసినది. ఆ వ్రాతప్రతిలో నేటికిని ఆ రోడ్డు పూర్తియైనట్లే యున్నది. వానకాలమున గర్భిణీస్త్రీలను మంచముపై మోసికొని వాగు దాటించుచునే యుండిరి. ఈ దోషము ప్రతినిధిది యందురా, ఊరిది యందురా? నేను ఊరిదే యందును. ఆ యూరిలో నాబోటి చదువరులును ఉండిరి గనుక ఆ తప్పులో నాకును పాలు కలదు.

ఇప్పుడు మన కండ్లయెదుటి విషయమునకు వచ్చెదను. ఈ కోటకు ఎగువన పెన్నపై గండికోట జలాశయము కలదు. దాని నిండు సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. శ్రీశైలపు జలములు పోతిరెడ్డిపాడునుండి బనకచర్ల, అవుకుల మీదుగా గాలేరు-నగరి వరదకాలువలో నిచ్చటికి వచ్చుచున్నవి. కృష్ణానీరు పెన్నను చేరుట మన తాతలు కలలోనైనను ఊహింపని సంగతి. దానికి మనము సంతసింపవలెను. కాని ఈ నీటికొరకు ఊళ్లు మునిగినవి. తాళ్ళప్రొద్దుటూరు 2020లో నీటిలో కలిసినది. ఇండ్లు, గుడులు, శ్మశానములు విడిచి వచ్చినవారి బంధువులు ఈ సభలో నున్నారు. జలయజ్ఞముపై 2012 నాటి ఆడిటు నివేదికలో, భూసేకరణమును పునరావాసమును పూర్తికాకయే పనులు చేపట్టి నందువలన కలిగిన జాప్యములు చూపబడినవి. ఆ నివేదికను మనలో నెంద రెరుగుదుము?

నీరు వచ్చినదని జయధ్వానము చేయుట సులభము. నీరు రాలేదని దూషించుటయు సులభమే. ఈ రెంటివలనను చేనికి తడి కలుగదు. మన మడుగవలసిన ప్రశ్నలు వేరు. జలాశయమునుండి పొలములకు పోవలసిన పిల్లకాలువలలో ఎన్ని మైళ్లు త్రవ్వబడినవి? ఈ యేటి పద్దులో వానికై ఎంత కేటాయించిరి, మార్చి నెలాఖరునకు ఎంత వ్యయమైనది, ఎంత మిగిలి వాపసు పోయినది? మునిగిన గ్రామములవారిలో పరిహారము ముట్టనివా రెందరు, ఏ కారణమున ముట్టలేదు? పునరావాస కాలనీలలో త్రాగునీరు, పాఠశాల, శ్మశానస్థలము కలవా? ఈ ప్రశ్నలలో కోపము లేదు, పొగడ్త లేదు. కాని వీనికి ప్రత్యుత్తర మీయక తప్పదు.

ఇక మన సంఘమును గూర్చి ఒక కఠినమైన మాట చెప్పుటకు పెద్దలు క్షమింతురుగాక. మనము ప్రతినిధులయొద్దకు రాయబారములు పోవుచునే యున్నాము. ఉద్యోగికి బదిలీ కావలెననియు, అంగడికి లైసెన్సు కావలెననియు, మనవానికి టిక్కెట్టు కావలెననియు పోయితిమి. నేనును అట్టి రాయబారములలో పాల్గొన్నవాడనే. కాని ఫలానా ప్రశ్న సభలో వేయుడని ఒక్కసారియైనను పోయితిమా? మేలు చేసిపెట్టుమని ప్రతినిధిని ప్రతిదినము మంత్రిగారి గుమ్మముకడకు పంపుచు, సభలో అదే మంత్రిగారిని గట్టిగా ప్రశ్నింపవలెనని కోరుట యెట్లు పొసగును? ఋణపడినవాడు లెక్క యడుగజాలడు. సభ్యుని నోరు కట్టునది పక్షమొక్కటే కాదు, మన సిఫారసులును కట్టుచున్నవి.

మరియు కులసంఘము తన కులమునకే అడుగవలెనను అపోహ విడువవలెను. మన వీథికి వచ్చు నీరు ఊరి చెరువునుండియే రావలెను. మన పిల్ల చదువు పాఠశాలలో తక్కిన కులముల పిల్లలును చదువుదురు. వైద్యుడు వచ్చినచో అందరికిని వచ్చును, రాకున్న అందరికిని రాడు. కావున ఊరందరి తరపున అడుగు సంఘమే తన కులమునకును నిజమైన మేలు చేయును. అట్టి సంఘమును చూచి ప్రభుత్వము గౌరవించును, ఇరుగుపొరుగువారు ఆదరింతురు.

కావున నాది మూడు మనవులు. మొదటిది: ప్రతి గ్రామశాఖయు ఒక పుస్తకము పెట్టి, తన యూరి బడి, ఆసుపత్రి, చెరువు, రోడ్డు, చౌకధరల దుకాణము ఎట్లున్నవో తేదీలతో వ్రాసియుంచవలెను. గ్రామసభలో చదివిన లెక్కలను అందు చేర్చవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము ననుసరించి కాగితములు కోరి తెప్పింపవలెను. రెండవది: సభ సమావేశములకు ముందుగ ఆ పుస్తకమునుండి రెండు మూడు ప్రశ్నలను చక్కగా వ్రాసి ప్రతినిధికి అందజేయవలెను. ఆయన ఏ పక్షమువాడైనను, ఏ కులమువాడైనను సరే. మూడవది: ప్రత్యుత్తరము వచ్చినపిమ్మట దానిని ఊరిలో చదివి, నిజమా కాదా యని వ్రాసి మరల ఆయనకు పంపవలెను. ఈ మూడవ పని లేనిచో మొదటి రెండును వ్యర్థములు.

ఈ పనికి చందాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, చదువుకొన్న యువకు డొకడు, నిజము వ్రాయు ధైర్యము చాలును. మన వసతిగృహములలో చదివి పైకి వచ్చిన యువకులు ఊరికొక్కరైన ఈ భారము వహించినచో, పోషకులు వారి చదువునకై వెచ్చించిన ధనము సార్థకమగును. రాబోవు మహాసభలో తీర్మానములకు ముందు ఆ పుస్తకములే అధ్యక్షులవారి బల్లపై నుండవలెనని నా కోరిక.