సాక్షి మిగిలిన సాహసం



ఈ ఏటి స్మారకోపన్యాసానికి ఆండ్రూ మైనార్‌స్కీ అనే కెనడా వైమానికుణ్ణి ఎంచుకున్నాను. పోలెండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో, 1916లో విన్నిపెగ్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే తండ్రి పోవడంతో ఇంటి బరువు నెత్తిన పడి తోళ్ల పనిలో చేరాడు. 1941లో వైమానిక దళంలోకి వచ్చాడు.

1944 జూన్ 12 రాత్రి. మిత్రసేనలు నార్మండీ తీరాన దిగి అప్పటికి వారం కాలేదు. జర్మన్ బలగాలకు రైలు దారి తెంచడానికి ఉత్తర ఫ్రాన్సులోని కాంబ్రే రైల్వే యార్డుల మీద దాడి తలపెట్టారు. ఇంగ్లండులోని మిడిల్టన్ సెయింట్ జార్జ్ నుంచి 419వ స్క్వాడ్రన్ లాంకాస్టర్ బాంబర్లు లేచాయి. మైనార్‌స్కీ విమానంలో ఏడుగురు. విమానం నడుమ, పైభాగాన ఉన్న తుపాకీ గూడు (టరెట్)లో అతడు, తోక టరెట్‌లో అతని నేస్తం పాట్ బ్రోఫీ. అర్ధరాత్రి దాటాక ఒక జర్మన్ యుంకర్స్ 88 విమానం వాళ్ల మీద కాల్పులు జరిపింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ పోయాయి. రెండు టరెట్లకూ నడుమ మంటలు లేచాయి. దూకెయ్యమని పైలట్ ఆజ్ఞ ఇచ్చాడు.

తోక టరెట్‌ను తిప్పేది ఇంజన్ నుంచి వచ్చే హైడ్రాలిక్ ఒత్తిడి. ఇంజన్ పోగానే టరెట్ బిగుసుకుపోయింది. చేత్తో తిప్పుదామంటే పిడి విరిగి బ్రోఫీ చేతికొచ్చింది. అప్పటికి మైనార్‌స్కీ దూకే తలుపు దాకా వచ్చాడు. నేస్తం ఇరుక్కుపోవడం చూసి, మంటల్లో పాకుతూ అతని దగ్గరికి వెళ్లాడు. గొడ్డలితో కొట్టాడు, వట్టి చేతులతో పీకాడు. టరెట్ కదల్లేదు, అతని బట్టలకు మాత్రం నిప్పంటుకుంది. ఇక లాభం లేదు, వెళ్లిపొమ్మని బ్రోఫీ సైగ చేశాడు. మైనార్‌స్కీ వెనక్కి జరుగుతూ తలుపు దాకా పోయి, నిటారుగా నిలబడి, నేస్తానికి సెల్యూట్ చేసి దూకాడు. పారాచ్యూట్ కూడా కాలుతోంది. నేలకు దిగిన కొద్దిసేపటికే ఆ గాయాలతో ప్రాణం విడిచాడు. వయసు 27.

విమానం కూలుతూ చెట్టుకు కొట్టుకుంది. ఆ దెబ్బకు బ్రోఫీ టరెట్‌లోంచి బయటికి ఎగిరిపడి బతికిపోయాడు! దూకిన తక్కిన ఐదుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. బ్రోఫీ తిరిగొచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు కనుకే 1946లో మైనార్‌స్కీకి విక్టోరియా క్రాస్ పతకం ప్రకటించారు.

నేను ఇవాళ అడగదలచింది ఇక్కడే ఉంది. బ్రోఫీ కూడా ఆ రాత్రే పోయి ఉంటే? సాహసం అదే, పతకం మాత్రం ఉండేది కాదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది, చనిపోయినవాళ్లు 55,573. ఎన్నో విమానాలు చెప్పేవాడొక్కడూ మిగలకుండా కూలాయి. సమాధి కూడా దొరకని 20,000 మందికి పైగా వైమానికుల పేర్లు రన్నీమీడ్ స్మారకం మీద ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది ఎవరికోసం మంటల్లోకి వెళ్లారో ఎవరు చెప్పాలి? బాంబుల కింద నలిగిన ఊళ్లలో పోయినవాళ్లకైతే ఆ పేర్ల వరస కూడా చాలాచోట్ల లేదు. వాళ్లను పక్కనబెట్టి వైమానికుణ్ణి ఒక్కణ్ణే తలుచుకోవడం న్యాయం కాదు.

ఈ వైమానికుల కథలో మన హైదరాబాద్‌కూ ఒక పాలుంది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు బాంబర్ విమానాలు కొనిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ విమానాల మీద దాత పేరు రాశారు, స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు నిలిచింది. 1939 సెప్టెంబరు 4న జర్మనీ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి బాంబు దాడికి ఆ స్క్వాడ్రన్ నుంచి 5 బ్లెన్‌హైమ్ బాంబర్లు వెళ్లాయి, ఒకటి తిరిగి రాలేదు. 152, 253 ఫైటర్ స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు మోశాయి. సొమ్మిచ్చిన ప్రభువు పేరు మనకు తెలుసు. ఆ విమానాలెక్కి పోయినవాళ్ల పేర్లు తెలియవు. ఈ మూడు స్క్వాడ్రన్ల మృతుల పేర్లు సేకరించి తెలుగులో అచ్చువేసే పని మన చరిత్ర విభాగాలు చేపట్టాలని ఈ వేదిక మీంచి కోరుతున్నాను.