మేకు గుర్తుల లెక్క



మాస్టారి స్మారకోపన్యాసానికి నేను కాగితాలు తేలేదు, ఒక రేకుపెట్టె తెచ్చాను. ఎందుకో చెప్పాలి. మాస్టారు మాకు తొమ్మిదో తరగతిలో చరిత్ర చెప్పారు. ఒకసారి, ఎవరింట్లో ఉన్న పాత వస్తువును వాళ్లు తెచ్చి దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఒకడు ముత్తాత నాటి భూమి పట్టా తెచ్చాడు. ఇంకొకడు తాటాకు పుస్తకం తెచ్చాడు. నేను మా తాత తోలు కుట్టే ఆరె తీసుకెళ్లాను. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. మా ఇంట్లో పాత వస్తువులేం లేవు సార్ అని కూర్చున్నాను. మాస్టారు నా సంచి వంక చూశారు గానీ ఏమీ అనలేదు. ఆ ఐదు నిమిషాలు ఆయనకు బాకీ పడ్డాను. ఇన్నేళ్ల వడ్డీతో కలిపి ఈ సాయంత్రం తీర్చుకుంటాను.

పెట్టెలో ఉన్నవి ఇవి: ఒక ఆరె, తోలు కోసే రంపె ఒకటి, రెండు తోలు ముక్కలు, ఒక ఇత్తడి బిళ్ల, టైపు చేసిన కాగితం ఒకటి, ఒక జత చెక్క అచ్చులు. తాత చేతిరాత ఒక్క అక్షరం కూడా లేదు. ఆయనకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కాబట్టి ఆయన చరిత్రను ఈ వస్తువుల అరుగుదలలోంచి చదువుకోవాల్సిందే.

ముందు ఆరె. దీని పిడి మీద బొటనవేలు ఆనేచోట గుంట పడింది. తాతకు ఇది వాళ్ల నాన్న చేతినుంచి వచ్చింది, కాబట్టి ఈ గుంట ఒక్కరు చేసింది కాదు. మాది గూడూరు దగ్గర మాదిగపల్లె. ఆ రోజుల్లో తోలు లేనిదే సేద్యం లేదు. బావిలోంచి నీళ్లు తోడే కపిలకు తోలు తొండం కావాలి. ఎద్దుల మెడపట్టీలకు, వార్లకు, చెర్నాకోలకు, డప్పుకు తోలే కావాలి. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకేవాళ్లు. తర్వాత తోలును సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్క కూరి, నీళ్లు పోసి వేలాడదీసేవాళ్లు. కిందికి కారిన నీళ్లను పట్టి మళ్లీ పైనుంచి పోసేవాళ్లు. రోజుల తరబడి ఇదే పని. దీనికి కూలి డబ్బుగా వచ్చేది కాదు, కోతలప్పుడు కళ్లంలో గింజలుగా వచ్చేది. అదీ, పెట్టినవాళ్లు పెట్టినంత.

ఊళ్లో చెప్పులన్నీ మావాళ్లు కుట్టినవే. ఊరి వీధిలో అడుగు పెట్టేటప్పుడు మాత్రం మావాళ్లు తమ చెప్పులు విడిచి చేత పట్టుకోవాల్సి వచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో తాత గూడూరులో మద్రాసు రైలెక్కాడు. సైన్యానికి బూట్లు కావాలి, పని తెలిసిన చేతులు కావాలి. నెల్లూరు సీమవాళ్లకు అప్పుడు మద్రాసు పరాయి ఊరు కూడా కాదు, రాజధాని.

ఇక ఈ రెండు తోలు ముక్కలు. ఒకటి ఎర్రమట్టి రంగు, రెండోదాన్ని కోసిన అంచు చూస్తే లోపల బూడిద కలిసిన నీలం. నా చిన్నప్పుడు తాత ఇలాంటి ముక్కలనే పొయ్యి మీద మరిగే నీళ్లలో వేసి చూపించాడు. మొదటిది క్షణాల్లో ముడుచుకుని గట్టిపడిపోయింది. రెండోది వేసింది వేసినట్టే ఉంది. ముడుచుకున్నది తంగేడు తోలు, ముడుచుకోనిది క్రోమ్ తోలు. ఒక శతాబ్దపు పరిశ్రమ చరిత్రను ఆయన అంబలి కాచుకునే గిన్నెలో చూపించాడని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

మద్రాసు ప్రభుత్వంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి ఉండేవాడు. క్రోమియం లవణాలతో తోలు శుద్ధి చేసే ప్రయోగాలను గత శతాబ్దం తొలి ఏళ్లలోనే ఆయన ఇక్కడ మొదలుపెట్టాడు. ఆ తోలుతో ఆయన చేయించాలనుకున్నవాటిలో ముఖ్యమైనవి కపిల తొండాలు. మా ముత్తాత తంగేడు చెక్కతో చేసే పనికే పట్నంలో రసాయనంతో పోటీ తయారైందన్నమాట. 1912లో ఛేంబర్స్ అనే ఆయన పల్లావరం పక్కన క్రోమ్ లెదర్ కంపెనీ పెట్టాడు. ఆ చుట్టుపక్కల ప్రాంతమే క్రోమ్‌పేట అయింది. మనలో ఎంతోమంది లోకల్ రైల్లో దాటిపోయే ఆ స్టేషను పేరులో ఒక లోహం ఉంది.

తాత మొదట పెరియమేడులో ఒక చిన్న కార్ఖానాలో చేరాడు, తర్వాత పల్లావరం వైపు ఒక బూట్ల ఫ్యాక్టరీకి మారాడు. ఈ ఇత్తడి బిళ్ల అక్కడిదే. గేటు దగ్గర ఇది చూపిస్తేనే లోపలికి పంపేవాళ్లు. దీని మీద పేరు లేదు, నంబరే ఉంది. బూటు పనిలో రెండు తెగలుంటాయి. పై తోలు కోసి కుట్టేవాళ్లది అప్పర్ పని, అడుగు వేసేవాళ్లది బాటమ్ పని. ఈ రెండింటినీ కలిపేది లాస్టింగ్. కుట్టిన పై తోలును చెక్క అచ్చు మీద తొడిగి, పట్టుకారుతో లాగి, అడుగు వైపుకి మడిచి చిన్న మేకులు కొట్టాలి. ఒక్క లాగు ఎక్కువైతే కుట్టు పిగులుతుంది, తక్కువైతే ముడత నిలుస్తుంది. తాత గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటీ పెదవి మీదికి తెచ్చుకునేవాడు. అందుకే పని చేసేటప్పుడు ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఇంగ్లిష్ సైజుల్లో ఒక నంబరుకూ పై నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు. అది ఒక బార్లీ గింజ పొడవని పాత లెక్క. కళ్లంలో గింజల కోసం చేయి చాచినవాళ్ల బిడ్డ మద్రాసులో గింజ కొలతతో పాదాలను లెక్కబెట్టాడు.

ఇప్పుడు కాగితం. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చారు. ఆయన లాస్టింగ్ సెక్షన్లో పని చేశాడనీ, పనిలో నేర్పరి అనీ ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలున్నాయి. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ కాగితంలోనే ఉంది. ఊళ్లో తాత చేసే పనికీ ఆయన కులానికీ ఒకటే పేరు. ఆ పనిని పని పేరుతో పిలిచిన మొదటి కాగితం ఇది. కులవృత్తి ఇక్కడ ఉద్యోగమైంది. ఫ్యాక్టరీలో కులం లేదని నేననను. పచ్చి తోళ్లు దించేచోట, సున్నం తొట్లలో దిగేచోట ఉన్నవాళ్లు ఏ పల్లెల నుంచి వచ్చారో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఈ రెండు వాక్యాలు తాత చొక్కా జేబులోనే ఉండేవి. మడతల దగ్గర చినిగితే అవ్వ వెనక గుడ్డముక్క అంటించింది.

మద్రాసు అడయారులో 1948లో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ వెలిసింది. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరయ్యారు. ఆయన తోలు చేతపడితే లోకం శాస్త్రం అంది. అది న్యాయమే. మా ముత్తాత తంగేడు నీళ్లతో చేసిందీ అదే శాస్త్రమని ఒప్పుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

తాత తిరిగి వచ్చేసరికి ఊరు మారింది. బావుల దగ్గర కరెంటు మోటార్లు వచ్చాయి, కపిలలు మూలపడ్డాయి. కాళ్లకు హవాయి చెప్పులొచ్చాయి. ఆయన చెట్టు కింద కూర్చుని తెగిన రబ్బరు పట్టీలు వేశాడు. అటు పరిశ్రమ మాత్రం పెరిగింది. 1973 నుంచి కేంద్రం సగం శుద్ధి చేసిన తోళ్ల ఎగుమతికి కళ్లెం వేయడంతో, తోలును ఇక్కడే బూటుగా మార్చి పంపడం లాభమైంది. ఆ లాభానికి పాలారు నది ఏం మూల్యం చెల్లించిందో వేలూరు టానరీల కాలుష్యం కేసులో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతుంది. తాత ఎక్కిన రైలు దారిలోనే, తడ దగ్గర ఇప్పుడు పెద్ద బూట్ల ఫ్యాక్టరీ ఉంది. షిఫ్టు బస్సుల్లోంచి మెడలో ఫొటో కార్డులతో ఆడపిల్లలు దిగుతారు. ఆ కార్డుల మీద నంబరుతో పాటు పేరు కూడా ఉంది.

చివరగా ఈ అచ్చులు. ఇవి నన్ను చాలాకాలం తికమక పెట్టాయి. ఫ్యాక్టరీ అచ్చు అడుగు వందల మేకు దెబ్బలకు జల్లెడైపోతుంది. వీటి అడుగు దాదాపు నున్నగా ఉంది. పైగా ఇవి ఆడవాళ్ల పాదాల కొలత. కుడిదాని మీద, చిటికెన వేలు ఉండేచోట, చిన్న తోలు బిళ్ల అంటించి అంచులు నున్నగా చెక్కి ఉంది. ఎముక పొడుచుకొచ్చిన పాదానికి జోడు ఒరుసుకోకుండా అచ్చును అలా పెంచుతారు. మా అవ్వ కుడి పాదం అలాగే ఉండేది.

నేను ఎరిగిన అవ్వ ఏనాడూ చెప్పు తొడగలేదు. పొలానికి, సంతకు, ఆస్పత్రికి ఒట్టి కాళ్లతోనే నడిచింది. అచ్చులు తిరగేసి మేకు గుర్తులు లెక్కపెట్టాను. కుడిదానికి పదిహేడు, ఎడమదానికి పదిహేడు. చుట్టూ ఒక్క వరస. అంటే వీటి మీద తయారైంది ఒకే ఒక్క జత.

మా నాన్నను అడిగాను. మద్రాసులో ఉన్నన్నాళ్లూ అవ్వ ఆ జోళ్లు వేసుకునే తిరిగిందట. ఊరికి వచ్చేటప్పుడు గూడూరు స్టేషన్లో దిగి, అక్కడే విప్పి మూటలో పెట్టిందట. అంటరానితనం నేరమని 1955లో చట్టం వచ్చింది. అవ్వ మూట విప్పలేదు. ఆ జోళ్లు ఏమయ్యాయో నాన్నకు తెలియదు, పెట్టెలోనూ లేవు. ఉన్నవి ఈ ముప్పైనాలుగు చిల్లులే.

మాస్టారూ, ఐదు నిమిషాలు దాటిపోయింది, క్షమించాలి. పెట్టెను ఈ బల్ల మీద తెరిచి ఉంచుతున్నాను. సభ ముగిశాక ఎవరైనా రావచ్చు. అచ్చును చేతిలోకి తీసుకుని అడుగున వేలితో తడమండి. మేకు గుర్తులు తగులుతాయి.